12.5 టన్నుల నుంచి 8.5కి దిగాం: మా రెస్టారెంట్ రూఫ్‌టాప్ ఏసీ రివ్యూ

మాది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో స్ట్రిప్ మాల్ రెస్టారెంట్. లీజ్ ట్రిపుల్ నెట్, అంటే పైకప్పు మీద ఏసీ పోతే డబ్బులు మనవే, ల్యాండ్‌లార్డ్ అటు చూడడు. పాత 12.5 టన్నులది తీయించి 8.5 టన్నుల టూ స్టేజ్ (తక్కువ, ఎక్కువ అని రెండు స్థాయిల్లో నడిచేది) పెట్టించాం, వాడబట్టి చాలా సమ్మర్లయింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

పాతదానికి థర్మోస్టాట్‌లో ఎప్పుడూ 72 ఫారెన్‌హీట్ ఉండేది, లోపల మాత్రం చల్లగానే ఉక్క. వేయించిన అప్పడాలు బుట్టలో పావుగంటకే మెత్తబడిపోయేవి, సీలింగ్ గ్రిల్ చెమటపట్టి కిటికీ పక్క టేబుల్ మీద చుక్కలు పడేవి. అందరూ కూలింగ్ చాలట్లేదు అనేవాళ్లు, అసలు సంగతి కూలింగ్ ఎక్కువైపోవడం! నాలుగైదు నిమిషాల్లో టెంపరేచర్ దించేసి కంప్రెసర్ ఆగిపోతే కాయిల్ మీద పట్టిన నీళ్లు ట్రేలోకి కారేలోపే ఫ్యాన్ ఆ తడంతా మళ్లీ హాల్లోకే ఊదేది.

కొటేషన్‌కి వచ్చిన మొదటాయన పాత నేమ్‌ప్లేట్ ఫోటో తీసుకుని "15 వేసేద్దాం సార్, పెద్దదైతే సేఫ్" అని వెళ్లిపోయాడు. రెండో అతను టేపు పట్టాడు, సీట్లు లెక్కపెట్టాడు, వంటగది పొయ్యిల మీద పొగ లాగే హుడ్ ఎంత గాలి లాగుతుందో అడిగాడు, మాన్యువల్ ఎన్ (కమర్షియల్ బిల్డింగ్‌కి ఎంత ఏసీ కావాలో లెక్కగట్టే పద్ధతి) ప్రకారం లోడ్ లెక్క కాగితం మీద ఇచ్చాడు. డైనింగ్ 1,400 చదరపు అడుగులు, 60 సీట్లు. కూర్చుని తినే మనిషి, ప్లేట్లో వేడి కలిపి గంటకి దాదాపు 550 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్), అంటే హాలు నిండితే 33,000, ఏసీ టన్ను అంటే గంటకి 12,000 బీటీయూ కదా, మనుషులకే రెండుముప్పావు టన్నులు పోయాయి. కోడ్ ప్రకారం బయట గాలి కొంత లోపలికి తేవాలి, 100 డిగ్రీల ఎండలో దానికీ ఇంచుమించు అంతే. మిగతాది కప్పు, అద్దాలు, లైట్లు. ఆఫీసులకి చెప్పే 400 చదరపు అడుగులకి ఒక టన్ను లెక్క ఇక్కడ వేస్తే మూడున్నరే వస్తుంది, జనం ఉడికిపోతారు.

ఇంకోటి, హుడ్ లాగేసిన గాలికి బదులు బయటి గాలి తెచ్చే మేకప్ ఎయిర్ యూనిట్ బెల్టు తెగిపోయి ఉంది, ఎవరూ చూడలా. హుడ్ మా డైనింగ్ చల్లగాలినే లాగేసి బయటికి తోలుతోంది, దాన్ని బాగుచేయకుండా ఎన్ని టన్నులు పెట్టినా దండగే (నా లెక్కలో సగం రోగం ఇదే).

ఇప్పుడు వీక్‌డేస్‌లో ఎక్కువసేపు ఫస్ట్ స్టేజ్ మీదే నిదానంగా నడుస్తుంది, 75 పెట్టినా హాయిగా ఉంటుంది, అప్పడం అప్పడంలా ఉంటుంది. లోపాలూ ఉన్నాయి, ఆగస్టు శనివారం సాయంత్రం హాలు నిండితే 77 దాకా పోతుంది, అందుకే మధ్యాహ్నం నుంచే 73కి దించి పెడతాం. కొత్త యూనిట్ పాత కర్బ్ (కప్పు మీద యూనిట్ కూర్చునే ఫ్రేమ్) మీద కూర్చోలేదు, అడాప్టర్‌కీ క్రేన్‌కీ ఖర్చు విడిగా పడింది, కొటేషన్‌లో అవి ఉన్నాయో లేదో ముందే అడగండి. 2025 జనవరి నుంచి తయారయ్యే ఈ సైజు యూనిట్లలో ఆర్-410ఏ గ్యాస్ రాదు, కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు మీ సర్వీస్ అతనికి కొత్త గ్యాస్ టూల్స్ ఉన్నాయేమో కూడా కనుక్కోండి.