సిచువాన్ కొండలు: రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే అసలు లెక్క

చైనాలోని సిచువాన్ రాష్ట్ర రాజధాని చెంగ్డూలో దిగి నాలుగు రోజుల్లో ఎమెయ్, సిగునియాంగ్, గొంగ్గా కొండలు మూడూ చుట్టేద్దామని వేసుకున్న ప్లాన్ సాధారణంగా బస దగ్గరే బెడిసికొడుతుంది. ఈ కొండల్లో కిలోమీటర్ల కన్నా పడుకునే చోటు ఎంత ఎత్తులో ఉందన్నది ముందు చూసుకోవాలి.

మూడింట్లో ఎమెయ్ సులువు. చెంగ్డూ నుంచి హైస్పీడ్ రైల్లో గంటా, గంటన్నర. కొండ కింద బావోగువో గుడి దగ్గర బస్సెక్కితే రెండు గంటల్లో లెయ్‌దోంగ్‌పింగ్‌లో దించుతుంది. అది దాదాపు 2,430 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి అరగంట మెట్లెక్కితే కేబుల్ కార్ వస్తుంది, అది ఎక్కితే జిన్‌దింగ్, అంటే బంగారు శిఖరం. ఏనుగుల మీద కొలువైన పది తలల సమంతభద్ర బోధిసత్వుడి 48 మీటర్ల విగ్రహం అక్కడే ఉంది.

సూర్యోదయం కావాలంటే కింద పడుకోవద్దు, తొలి బస్సు పట్టుకున్నా మామూలుగా అందదు. శిఖరం మీది హోటళ్లకి డబ్బు ఎక్కువ, గదులు తక్కువ, దుప్పట్లు చెమ్మగా ఉంటాయి. ఎలక్ట్రిక్ బ్లాంకెట్ ఉందో లేదో అడిగాకే గది తీసుకోండి. మధ్యేమార్గం లెయ్‌దోంగ్‌పింగ్. కేబుల్ కార్ మొదలయ్యే టైం సీజన్‌ను బట్టి మారుతుంది కాబట్టి ముందురోజు సాయంత్రమే కనుక్కోవాలి. ఇంత చేసినా మంచు కమ్మేస్తే కనబడేది ముందు నడిచే మనిషి వీపే. కింద చెమట పోస్తున్న రోజున కూడా పైన వణుకుతారు. అద్దె కోట్లు దొరుకుతాయి, డిపాజిట్ రసీదు మాత్రం పారేయకండి.

నడిచి ఎక్కేవాళ్లకి రెండు రోజులు పడుతుంది, షీషియాంగ్‌చీ లాంటి గుళ్లలో పడక దొరుకుతుంది. గది సాదాగా ఉంటుంది, బాత్రూం ఉమ్మడి, భోజనం శాకాహారం. మాంసం ముట్టనివాళ్లకి సిచువాన్‌లో ఇంతకన్నా నిశ్చింతగా తినే చోటు తక్కువ. కింద హోటళ్లలో కూరగాయల వేపుడులో కూడా పంది కీమా పడుతుంది.

కోతుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. చేతిలో ప్లాస్టిక్ కవరు కనబడితే చాలు, లాగేస్తాయి. తిండి బ్యాగు లోపల పెట్టి జిప్ వేయండి. అవి ఏదైనా పట్టుకుంటే వదిలేయండి, పెనుగులాడితే కరుస్తాయి. కరిస్తే రేబిస్ ఇంజెక్షన్లకి తిరగాలి.

సిగునియాంగ్ అంటే నలుగురు అక్కచెల్లెళ్లు, అంటే నాలుగు శిఖరాలు. చిన్నదే అందరికన్నా పొడుగు: 6,250 మీటర్లు. తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. చెంగ్డూ దాదాపు 500 మీటర్లలో ఉంటే, కొండ కింది ఊరు 3,200 దగ్గర. నాలుగు గంటల్లో కారులో అంత ఎత్తుకి వెళ్లి పడుకుంటే మొదటి రాత్రి తలనొప్పి, నిద్రలేమి మామూలే. మర్నాడు షువాంగ్‌చియావో లోయ చూడండి, లోపలంతా బస్సే తిప్పుతుంది. మూడో రోజు చాంగ్‌పింగ్ లోయలో నడక లేదా గుర్రం. 5,000 మీటర్లు దాటే పెద్దక్క శిఖరం దాఫెంగ్ ఎక్కాలనుకుంటే దీని తర్వాతే, గైడుతోనే. దుకాణాల్లో అమ్మే ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల ఊరట, వైద్యం కాదు. వాంతులు, తడబడే నడక మొదలైతే వెంటనే కిందికి దిగాల్సిందే. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్రల మాటేదో ఇంటి దగ్గరే డాక్టర్‌ని అడిగి తేల్చుకోవాలి.

పెద్దవాళ్లతో వెళ్తూ మంచు చూడాలనుకుంటే సిగునియాంగ్ కన్నా గొంగ్గా పక్కనున్న హైలువోగోవు హిమానీనదం మేలు. మోషి ఊళ్లో బస 1,600 మీటర్లలోనే, పగలు బస్సు, కేబుల్ కార్‌లో పైకెళ్లి రాత్రికి దిగిపోవచ్చు. తెల్లటి మంచు నది ఊహించుకుంటే నిరాశే. వెనక్కి తగ్గిపోతున్న ఈ హిమానీనదం కింది భాగమంతా బూడిదరంగు రాళ్లు, మట్టి. పైనున్న మంచు జలపాతమే చూడదగ్గది. ఏడువేల మీటర్లు దాటిన గొంగ్గా శిఖరం వానాకాలంలో మబ్బు వదలదు, అక్టోబర్ చివర నుంచి అవకాశం మెరుగు.

మూడు చోట్లా టికెట్‌కి పాస్‌పోర్ట్ కావాలి, ఫొటో కాపీ చూపిస్తే కుదరదు. ఫోన్‌తో డబ్బు కట్టే చైనా యాప్ అలీపేకి వీసా లేదా మాస్టర్ కార్డు ఇండియాలో ఉండగానే కలుపుకోండి. చిన్న లాడ్జీల్లో కొన్ని విదేశీయులకి గది ఇవ్వవు, బుక్ చేసేముందు మెసేజ్ పెట్టి అడగండి.