సరుకులా, డబ్బా, కాగితాల పనా: పక్కింటికి ఏది మేలు?

సంపాదించే మనిషి పోయిన ఇంటికి కాలనీ వాళ్లందరూ తలా ఐదొందలు వేస్తారు. ఆ తర్వాత నాకు ఫోన్ వస్తుంది: సరుకులు కొనిద్దామా, డబ్బే చేతికి ఇచ్చేద్దామా? ముందు ఒక ఫైలు కొనండి అంటాను. అడిగినవాళ్లకి ఉత్సాహం చప్పబడిపోతుంది.

సరుకులతో ఆ పూటకి పొయ్యి వెలుగుతుంది, నిజమే. కానీ అందరూ బియ్యమే తెస్తారు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ షాపులో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. కార్డున్న ఇంట్లో కరువయ్యేవి గ్యాసు, నూనె, పాలు, పిల్లల బస్సు చార్జీలు. పైగా బస్తా పక్కన భర్తను పోగొట్టుకున్న ఇల్లాలిని నిలబెట్టి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఒకటి. ఆ ఫొటోకి భయపడి సరుకులే వద్దనేవాళ్లను నేను తప్పుపట్టను.

డబ్బు అంతకంటే నయం. అద్దె బియ్యంతో కట్టలేరు కదా. అయితే మనమిచ్చింది ఎటు పోతుందో కూడా చూడాలి. వారం వారం గుమ్మంలోకి వచ్చే ఫైనాన్స్ వాళ్లకి పోతుంది. చాలా మైక్రో ఫైనాన్స్ అప్పులకి బీమా ముడిపెట్టే ఉంటుంది. అప్పు తీసుకున్నవాళ్లు పోయినా, చాలాచోట్ల భర్త పోయినా, మిగిలిన బాకీ ఆ బీమాలోంచే తీరాలి. అడిగేవాళ్లు లేక, దినం కాకముందే మన చందా వాయిదాలోకి జమైపోతుంది.

అందుకే కాగితాలంటాను. వాటికి గడువులుంటాయి, దుఃఖంలో ఉన్న ఇంటికి తేదీలు గుర్తుండవు. ఇంట్లో జరిగిన మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయిస్తే పైసా కట్టక్కర్లేదు. నెల దాటితే పైఅధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఆ సర్టిఫికెట్ లేనిదే తర్వాతి పని ఏదీ కదలదు.

తర్వాత పోయినాయన బ్యాంకు పాస్‌బుక్ ప్రింటు వేయించండి. మే నెలాఖరులో 436 రూపాయలు కోత పడి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు కోసి ఉంటే సురక్షా బీమా. ప్రమాదంలో పోతే దానికీ 2 లక్షలు. ఖాతా తెరిచిన రోజు ఎక్కడెక్కడ సంతకం పెట్టారో ఇంట్లోవాళ్లకి తెలియకపోవడం మామూలే. తెలంగాణలో ఆయన పేరున పట్టా భూమి ఉండి, వయసు 59 దాటకపోతే, రైతు బీమా 5 లక్షలు. దారిద్ర్యరేఖకు దిగువ కుటుంబమైతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20 వేలకి తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టొచ్చు.

ఇక వితంతు పింఛను. తెలంగాణలో నెలకి 2,016, ఆంధ్రలో 4,000. అంటే ఆంధ్రలో ఏడాదికి 48 వేలు, అదీ ఏటా. మన చందా మూడో నెలకే పలచబడుతుంది. మనుషుల గుణం బాగోలేక కాదు, అందరివీ జీతాల బతుకులే.

పింఛను మంజూరయ్యేదాకా నెలలు పట్టొచ్చు, కాగితం కడుపు నింపదు అంటారు. ఒప్పుకుంటాను. ఈలోగా రెండు నెలల అద్దె మీరు కట్టండి, వీలైతే నేరుగా ఇంటి ఓనరుకే. సరుకులు నిజంగా పొయ్యి ఆరిన ఇంటికి మాత్రమే. పాత బట్టలు అడిగితేనే ఇవ్వండి. పిల్లలకి ఊరికే ట్యూషన్ చెప్తామంటే మంచిదే, ఏడాది మధ్యలో మానేయకపోతే.

ఫైలు పట్టుకోవడానికి వీధిలో ఒక్కరు చాలు: మీసేవకో, సచివాలయానికో, బ్యాంకుకో పూట సెలవు పెట్టి వెళ్లగలిగినవాళ్లు. ఆమెను వెంట తీసుకెళ్లండి. దరఖాస్తులో ఫోన్ నంబరు మాత్రం ఆమెదే రాయించండి. మీ నంబరిస్తే ఓటీపీలన్నీ మీకొస్తాయి. రేపు మీకు బదిలీ అయితే ఆమె మళ్లీ మొదటినుంచి తిరగాలి.