ర్యాంకుల పట్టిక చూసి పరిశోధనకు విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవచ్చా?

పీహెచ్‌డీకి ఎక్కడెక్కడ దరఖాస్తు చేయాలో తేల్చుకోవడానికి మూడు నెలలపాటు రెండు ర్యాంకుల పట్టికలను దగ్గర పెట్టుకున్నాను. ఒకటి ప్రపంచ విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిచ్చే బ్రిటన్ సంస్థ క్యూఎస్ వారిది, రెండోది చైనాలోని షాంఘైలో తయారయ్యే షాంఘై పట్టిక. ఏ దేశంలో ఏయే సంస్థలు ఉన్నాయో కూడా సరిగా తెలియని తొలిరోజుల్లో ఇవి నిజంగా ఆదుకున్నాయి. అంతకుముందు పేరు కూడా వినని రెండు మూడు సంస్థలు నా విషయంలో ముందు వరుసలో ఉన్నాయని క్యూఎస్ సబ్జెక్టుల వారీ పట్టిక చూశాకే తెలిసింది. అయితే దరఖాస్తులు పంపే సమయానికి ఈ అంకెల మీద నాకున్న నమ్మకం చాలావరకు సడలిపోయింది.

మార్కులు ఎలా వేస్తారో ముందుగా చదవవలసింది. నేను ఆలస్యంగా చదివాను. క్యూఎస్ ప్రపంచ పట్టికలో అధ్యాపకుల అభిప్రాయ సేకరణకు 2023 సంచిక వరకు 40 శాతం వాటా ఉండేది, 2024 సంచికలో దాన్ని 30కి తగ్గించారు. అప్పుడే ఉద్యోగాలిచ్చే సంస్థల అభిప్రాయం వాటాను 10 నుంచి 15 శాతానికి పెంచి, ఒక్కో అధ్యాపకుడికి ఎందరు విద్యార్థులన్న లెక్కను 20 నుంచి 10 శాతానికి కుదించారు. అంటే తరగతి గదిలో గానీ ప్రయోగశాలలో గానీ ఏమీ మారకపోయినా, ఒక సంస్థ స్థానం పైకో కిందికో జరగవచ్చు. 2003లో మొదలైన షాంఘై పట్టికలో అభిప్రాయ సేకరణ లేదు, అది మంచిదే. కానీ అందులో 30 శాతం మార్కులు పూర్వ విద్యార్థులకు, అధ్యాపకులకు వచ్చిన నోబెల్ బహుమతులను, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పతకాలను బట్టి వస్తాయి. ఎప్పుడో చేసిన పనికి వచ్చిన ఆ గౌరవం, రేపు చేరబోయే విద్యార్థికి గైడ్ ఎంత సమయం ఇస్తారో చెప్పదు.

నా జాబితాలో మొదట రాసుకున్న విశ్వవిద్యాలయంలో నా అంశం మీద పనిచేసే ఆచార్యులు ముగ్గురున్నట్టు విభాగం పేజీలో కనిపించింది. ఒక్కొక్కరి పేరు తెరిచి చూశాను. మొదటివారి పేరు కింద చిన్న అక్షరాల్లో ‘విశ్రాంత’ అని ఉంది. రెండోవారి ప్రయోగశాల పేజీలో విద్యార్థుల జాబితా ఐదేళ్లుగా మారలేదు. మూడోవారు నా మెయిల్‌కు ఎంతో మర్యాదగా, ఆ ఏడాది కొత్తవారిని తీసుకోవడం లేదని జవాబిచ్చారు. పట్టికలో ఆ సంస్థ స్థానం మాత్రం చెక్కుచెదరలేదు.

అదే పట్టికలో నలభై స్థానాలు కిందున్న మరో చోట, మూడో ఏడాది చదువుతున్న ఒక విద్యార్థిని నా ప్రశ్నలకు ఓపికగా రెండు పేజీల జవాబు రాశారు. అధ్యాయం ముసాయిదా ఇస్తే గైడ్ రెండు వారాల్లో పేజీ పేజీకీ వ్యాఖ్యలు రాసి తిరిగిస్తారని, స్టైపెండ్ ఐదేళ్లు వస్తుంది గానీ వేసవి నెలల్లో రాదని, ఆ సంగతి చేరకముందే విభాగాన్ని అడిగి రాతపూర్వకంగా తీసుకోమని ఆమె చెప్పారు. నేను నిర్ణయం తీసుకున్నది ఆ జవాబు చదివాకే. ఇలాంటి జవాబు ఒక్కరి దగ్గరి నుంచి కాక ఇద్దరు ముగ్గురి నుంచి రాబట్టడం మంచిది, ఎందుకంటే ఒకే విభాగంలో కూడా గైడ్‌ను బట్టి అనుభవం పూర్తిగా మారిపోతుంది.

పరిశోధన లేకుండా తరగతులతోనే ముగిసే మాస్టర్స్ కోర్సుకు వెళ్లేవారికి ఈ పట్టికలు కొంచెం ఎక్కువే పనికొస్తాయి, ఎందుకంటే అక్కడ ఒక్క గైడ్ మీద అంతా ఆధారపడి ఉండదు. వారు కూడా ప్రపంచ పట్టికను పక్కనపెట్టి సబ్జెక్టు పట్టికనే చూడాలి. క్యూఎస్ సబ్జెక్టు పట్టికలో అభిప్రాయ సేకరణకు, పరిశోధన వ్యాసాల ఉల్లేఖనలకు (వాటిని ఇతర పరిశోధకులు ఎన్నిసార్లు ప్రస్తావించారన్న లెక్కకు) ఇచ్చే వాటాలు సబ్జెక్టును బట్టి మారతాయి కాబట్టి, తమ సబ్జెక్టుకు ఏది ఎంతో ఒకసారి సరిచూసుకోవాలి.

ఈ పట్టికలకు ఐదుకు రెండున్నర మార్కులు ఇస్తాను. చేరినవారిలో ఎందరు పట్టా పుచ్చుకున్నారు, సగటున ఎన్నేళ్లు పట్టింది అన్న రెండు గడులు వీటిలో చేరిస్తే, మిగిలిన రెండున్నర కూడా సంతోషంగా ఇచ్చేవాడిని.