కొలనోస్కోపీకి ముందు ఫోన్లో నడిపించిన నర్సు: ఈసారి గట్టెక్కాను

కొలనోస్కోపీ అంటే పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే పరీక్ష. మొదటిసారి వేరే చోట చేయించుకున్నప్పుడు ఒక కాగితం, పేగు ఖాళీ చేసే విరేచనాల పౌడర్ ప్యాకెట్లు చేతిలో పెట్టి పంపేశారు. నేను మొత్తం ముందురోజు రాత్రే తాగేశాను, ఐరన్ మాత్ర కూడా ఆపలేదు, ఆపమని ఎవరైనా చెబితే కదా! పేగు శుభ్రంగా లేదని మధ్యలోనే ఆపేసి మళ్లీ రమ్మన్నారు.

ఈసారి వెళ్లిన ఆస్పత్రిలో ఈ పని కోసమే ఒక నర్సు ఉన్నారు. వారం ముందే ఫోన్ చేసి, వాడే మందులన్నీ అడిగి, డాక్టర్‌ని కనుక్కుని ఐరన్ ఆపించారు. రక్తం పలచబరిచేవి, షుగర్ మందులు ఉంటే మాత్రం సొంతంగా మానొద్దన్నారు. ముందురోజు గింజలు, తొక్కలు, పీచు వద్దు, తర్వాత తేట ద్రవాలే, అవీ ఎర్రవి కాకుండా, లోపల రక్తంలా కనిపిస్తాయట.

అసలు కిటుకు డోసు విడగొట్టడంలో ఉంది. సగం రాత్రి, మిగతా సగం పరీక్షకి 4–6 గంటల ముందు మొదలుపెట్టి 2 గంటల ముందుకల్లా ముగించాలి. అంతా రాత్రే తాగేస్తే తెల్లారేసరికి చిన్నపేగు నుంచి దిగే జిగురు పెద్దపేగు కుడివైపు పూతలా పట్టేస్తుందట. నా మొదటిసారి బండారం అప్పుడు బయటపడింది.

రుచి మాత్రం ఘోరం. చల్లబరిచి స్ట్రాతో తాగమన్నారు, కాస్త నయం. రాత్రి వికారమొచ్చి టెన్షన్‌తో ఫోన్ చేస్తే ఎత్తారు, అరగంట ఆగి నెమ్మదిగా తాగమన్నారు. విరేచనం లేత పసుపు నీళ్లలా వచ్చేదాకా అయినట్టు కాదట.

ఒక్క ఫిర్యాదు: రెండో సగం కోసం తెల్లవారుజామున 3కి లేవాలని ముందురోజు సాయంత్రం దాకా చెప్పలేదు. రిపోర్టులో, పేగు ఎంత శుభ్రంగా ఉందో కొలిచే బోస్టన్ స్కేల్ మీద 9కి 8 వచ్చింది.