పారాలింపిక్సా, డెఫ్లింపిక్సా?

అమలాపురంలో వినపడని పిల్ల ఎవరైనా బాగా పరిగెడితే చాలు, చుట్టాలంతా "పారాలింపిక్స్‌కి పంపండి" అంటారు. అక్కడ బధిరులకు విభాగమే లేదు! అది శారీరక, దృష్టి, మేధో వైకల్యాలున్నవారికి. 2024లో మన దీప్తి జీవంజి 400 మీటర్ల కాంస్యం గెలిచింది టీ20 విభాగంలో, అంటే మేధో వైకల్యం కిందే.

బధిరులది డెఫ్లింపిక్స్. నిజానికి ఇదే పెద్దక్క: 1924లో పారిస్‌లో మొదలైంది. పారాలింపిక్స్ 1960లో, రోమ్‌లో. డెఫ్లింపిక్స్‌లో ఆడాలంటే బాగా వినిపించే చెవిలోనూ కనీసం 55 డెసిబెల్స్ వినికిడి లోపం ఉండాలి. పోటీలో చెవి మిషన్ తీసేయాలి. పరుగుకి తుపాకీ శబ్దం బదులు లైటు వెలుగుతుంది.

పేరు, టీవీ ప్రచారం మాత్రం పారాలింపిక్స్‌కే. నాకది అన్యాయమే అనిపిస్తుంది. అయినా ఆ పిల్ల దారి డెఫ్లింపిక్సే. సదరం సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు, ముందు ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష రిపోర్టు, తీయించండి.