సిగరెట్ మాన్పించే సేవలు: రెండేళ్లకు పైగా వాడుకున్నాక నా అభిప్రాయం

సిగరెట్ తాగేవాళ్లకు సలహాలకు కరువు లేదు. "మనసు గట్టి చేసుకో, అదే పోతుంది" అని ఇంటా బయటా అందరూ చెబుతారు. ఎలా మానాలో దగ్గరుండి చెప్పేవాళ్లు మాత్రం అరుదు. ఏ సాయమూ లేకుండా మానబోయినవారిలో ఆరు నెలలో ఏడాదో నిలబడేది నూటికి ముగ్గురు నుంచి ఐదుగురేనని పరిశోధనలు చెబుతున్నాయి. దీన్ని మనోబలానికి పరీక్షగా చూడటం అన్యాయం. పొగాకులోని నికోటిన్‌కు అలవాటుపడిన మెదడుకు చికిత్స కావాలి, ఆ చికిత్స మన దగ్గర ఉంది.

నేను మొదట వాడుకున్నది పొగాకు మానేందుకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ, జాతీయ పొగాకు క్విట్‌లైన్. నంబరు 1800-11-2356, సిగరెట్ పెట్టె మీదే ముద్రించి ఉంటుంది. 2016లో మొదలైన ఈ సేవ పూర్తిగా ఉచితం. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఏమిటంటే, నీతులు చెప్పలేదు. ప్రశ్నలు అడిగారు. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారు? టీతో కలిపి తాగుతారా? మానే తేదీ నాతోనే నిర్ణయింపజేసి, ఆ రోజున వాళ్లే ఫోన్ చేశారు, తర్వాతా కొంతకాలం చేస్తూనే ఉన్నారు. ఒకరు అడుగుతారన్న ఎరుకే నన్ను చాలా సాయంత్రాలు కిళ్లీ కొట్టు దాటించింది.

తర్వాత మా ఊరి దంత వైద్య కళాశాలలోని పొగాకు విరమణ కేంద్రానికి వెళ్లాను. అక్కడ ఒక చిన్న పరికరంలోకి ఊదించి, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూపించారు. మానిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ అంకె పొగ తాగనివారి స్థాయికి దిగింది. ఆ అంకె చూసిన సంతోషం నాకు ఇంకా గుర్తుంది.

సిగరెట్ బదులు కొద్దిగా నికోటిన్ అందించి తపన తగ్గించే నికోటిన్ గమ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మందుల షాపులో ఎవరూ చెప్పరు. లేచిన అరగంటలోపే సిగరెట్ కావాలనిపించేవారికి 4 మిల్లీగ్రాములది, మిగతావారికి 2 మిల్లీగ్రాములది. మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలకూడదు. మెల్లగా నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య ఒదిగించాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నాలుగు నములులు. ఇలా అరగంట. గబగబా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి వెక్కిళ్లు, ఛాతీలో మంట మిగులుతాయి. నమిలే ముందు పావుగంట, నమిలేటప్పుడు కాఫీ, టీ, పళ్లరసం ఏదీ వద్దు. వాటిలోని ఆమ్ల గుణం నికోటిన్‌ను నోటి పొర పీల్చుకోనివ్వదు. గంటకో టీ తాగే మనవాళ్లకు ఈ ఒక్క మాట తెలియకపోతే గమ్ డబ్బు దండగ.

కౌన్సెలర్ చెప్పిన ఇంకో మాట నేనెక్కడా వినలేదు. పొగ వల్ల శరీరం కెఫీన్‌ను త్వరగా వదిలించుకుంటుందట. పొగ మానాక అదే కాఫీ ఎక్కువసేపు పనిచేసి దడ, నిద్రలేమి తెస్తుంది. ఆ చిరాకును సిగరెట్ లేని బాధ అనుకుంటాం. కాఫీ సగానికి తగ్గించాక నిద్ర పట్టింది.

మా బావగారికి గమ్ సరిపడలేదు, డాక్టరు సిగరెట్ తపన తగ్గించే వారెనిక్లిన్ మాత్రలు రాశారు. మానే తేదీకి వారం ముందు నుంచి మొదలుపెట్టి 12 వారాలు వాడాలి. వికారం, వింత కలలు ఆయనను ఇబ్బంది పెట్టాయి, భోజనం తర్వాత వేసుకోవడంతో వికారం తగ్గింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

లోపాలూ ఉన్నాయి. గమ్ ఖరీదైనదే, మొదట్లో దవడలు నొప్పి పుడతాయి. నేను ముందు వెళ్లిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్యాన్సర్ బొమ్మలు చూపించి భయపెట్టి పంపించారు. మందు ఊసే లేదు, మళ్లీ రమ్మనీ అనలేదు. అలాంటి చోట డబ్బు పోయకండి. తర్వాత ఫోన్ చేస్తారా, మందు మోతాదు చెబుతారా అని ముందే అడగండి.

మా కేంద్రం పగటిపూట మాత్రమే తెరిచి ఉంటుంది. ఆటో నడిపేవారు, కూలికి వెళ్లేవారు ఒక పూట సంపాదన వదులుకుని రావాలి. వారానికి రెండు సాయంత్రాలైనా ఈ కేంద్రాలు తెరవాలని, గమ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాలని గట్టిగా కోరుకుంటున్నాను.