జవాబు చెప్పడమా, దారి చూపడమా?

కర్నూలులో మా ఇంటి వరండాకు సాయంత్రం పూట పదో తరగతి పిల్లలు హోంవర్క్ సందేహాలతో వచ్చినప్పుడు నా ముందు రెండు మార్గాలుంటాయి: జవాబు పూర్తిగా చెప్పడం, లేదా ఎదురు ప్రశ్న వేసి వాళ్లచేతే రాబట్టడం.

లెక్కల్లో నేను రెండోదానివైపే మొగ్గుతాను. మొన్న ఒక అమ్మాయి వర్గ సమీకరణం దగ్గర ఆగిపోతే, "కూడితే 5, గుణిస్తే 6 వచ్చే సంఖ్యలేవమ్మా?" అని మాత్రమే అడిగాను, ఆమె పెన్సిలుతో 1, 5 అని రాసి, గుణించి చూసి, కొట్టేసి, 2, 3 అని రాసింది. నేనే చెప్పి ఉంటే ఆ కొట్టివేత ఉండేది కాదు, ఆ లెక్క ఆమెది అయ్యేదీ కాదు.

చరిత్రలో ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిందన్న సంగతి ఎంత ఆలోచించినా తట్టేది కాదు కనుక తేదీని సూటిగా చెప్పి, కర్నూలే ఎందుకన్నది మాత్రం 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక చదివి రాయమంటాను.

ప్రపంచ ఆరోగ్య పాఠంలో మాత్రం సూటి జవాబే మేలు. అతిసారానికి ఇంట్లో కలిపే ద్రావణంలో లీటరు శుభ్రమైన నీటికి అంచుకు సమంగా నింపిన ఆరు చిన్న చెంచాల (టీస్పూన్ల) చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు వేయాలి. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు ప్రమాదం కాబట్టి ఆ కొలతను ఊహకు వదలను. చక్కెర ఎందుకన్నది తర్వాత అడుగుతాను. పేగు ఉప్పునూ నీటినీ పీల్చుకోవడానికి అది తోడ్పడుతుందని వాళ్లే వెతికి తెచ్చి చెబుతారు.